నెగటివ్ రక్తం గుట్టు విప్పిన కార్ల్ లాండ్‌స్టైనర్

ప్రతి సంవత్సరం జూన్ 14వ తేదీన ప్రపంచమంతటా రక్తదాతల దినోత్సవాన్ని జరుపుకుంటున్నారు. 2004వ సంవత్సరంలో మొదలైన ఈ ఆనవాయితీకి ఆధారం ఒక వైద్య శాస్త్రవేత్త పుట్టినరోజు. ఆయన పేరు కార్ల్ లాండ్‌స్టైనర్. మన పిల్లల పాఠశాల గుర్తింపు కార్డు మీద, డ్రైవింగ్ లైసెన్సు మీద, కన్నడ నాట గర్భిణులకు ఇచ్చే తాయి కార్డు మీద, ఆంధ్ర ప్రాంతంలో ఇచ్చే తల్లీబిడ్డల కార్డు మీద ఓ పాజిటివ్ అనో, బి నెగటివ్ అనో వ్రాసి ఉంటుంది. ఈ మాటలో మొదటి అక్షరం వెనుక ఉన్న భేదాన్ని ఆయన 1901లో కనుగొన్నారు. రెండవ భాగమైన పాజిటివ్, నెగటివ్ భేదాన్ని తన డెబ్బై రెండవ ఏట, 1940లో, మరొక శాస్త్రవేత్తతో కలిసి లోకానికి తెలియజేశారు. మొదటి అక్షరం గురించి అంతో ఇంతో అందరికీ తెలుసు. రెండవ భాగం సంగతి తెలియకనే మన పల్లెలలో ఎందరో తల్లులు కడుపుకోత అనుభవించారు. అంతటితో ఆగక నిందలు కూడా మోశారు. అందుచేత ఆ మహనీయుని జీవితాన్ని మన సరిహద్దు గ్రామాల కుటుంబాల ముందు కొంచెం వివరంగా ఉంచదలచాను.

లాండ్‌స్టైనర్ 1868లో ఆస్ట్రియా రాజధాని వియన్నాకు సమీపంలోని బాడెన్ పట్టణంలో జన్మించారు. తండ్రి లియోపోల్డ్ ఆ కాలంలో పేరెన్నికగన్న పత్రికా సంపాదకులు. కుమారునికి ఆరేళ్ల ప్రాయంలోనే ఆయన కన్నుమూశారు. తల్లి ఫానీ ఆ బిడ్డను పెంచి పెద్దచేశారు. తల్లి పట్ల లాండ్‌స్టైనర్‌కు గల భక్తి అపారమైనది. ఆమె గతించిన తరువాత ఆమె ముఖం అచ్చును తన గది గోడకు తగిలించుకొని జీవితాంతం దగ్గరే ఉంచుకున్నారు. వివాహం కూడా నలభై ఎనిమిదేళ్ల వయసు వచ్చిన తరువాతనే, 1916లో, చేసుకున్నారు. భార్య పేరు హెలీన్. మరుసటి ఏడు వారికి ఒక కుమారుడు కలిగాడు. మితభాషి, బిడియస్తుడు, పియానో చక్కగా వాయించగలవాడు అని ఆయనను ఎరిగినవారు వర్ణించారు.

1891లో వియన్నా విశ్వవిద్యాలయం నుండి వైద్య పట్టం పుచ్చుకున్న లాండ్‌స్టైనర్ వెంటనే వైద్యవృత్తిలో స్థిరపడలేదు. జర్మనీ, స్విట్జర్లాండ్ దేశాలకు వెళ్లి ఎమిల్ ఫిషర్ వంటి మహామహుల వద్ద రసాయన శాస్త్రం అభ్యసించారు. వైద్యునికి రసాయన శాస్త్రంతో ఇంత పని ఏమిటని ఆనాడు అనుకున్నవారు ఉండవచ్చు. కాని రోగి నాడి పట్టుకొని చూసే వైద్యుని కన్ను, సీసాలో ద్రవాన్ని కలిపి చూసే రసాయనికుని కన్ను, ఈ రెండూ ఒకే మనిషిలో చేరడం వలననే తరువాతి పరిశోధన సాధ్యమైంది. తిరిగి వచ్చిన తరువాత వియన్నాలోని శవపరీక్షల విభాగంలో సహాయకునిగా చేరి పదేళ్ల కాలంలో మూడున్నర వేలకు పైగా శవపరీక్షలు నిర్వహించారు. ఆ పని ముగించుకొని మిగిలిన వేళల్లో రక్తం మీద ప్రయోగాలు చేసేవారు.

ఆ కాలంలో ఒకరి రక్తం మరొకరికి ఎక్కించడం జూదంతో సమానం. 1667లో పారిస్ నగరంలో గొర్రెపిల్ల రక్తాన్ని మనిషికి ఎక్కించి చూసినవారున్నారు. 1818లో లండన్ వైద్యుడు జేమ్స్ బ్లండెల్ మనిషి రక్తాన్నే మనిషికి ఎక్కించాడు. పురుటి సమయంలో రక్తం ధారగా పోయి తల్లులు మరణించడం చూడలేక ఆయన ఆ పనికి పూనుకున్నాడు. కొందరు బ్రతికారు, కొందరు ప్రాణాలు వదిలారు. ఎందుకు బ్రతికారో తెలియదు, ఎందుకు పోయారో అంతకన్నా తెలియదు. ఎక్కించిన రక్తం కొందరి ఒంట్లో ముక్కలు ముక్కలుగా ముద్దకట్టి, ఎర్రకణాలు పగిలి, మూత్రం నల్లబడి మరణం సంభవించేది. రక్తం ముద్దకట్టడానికి రోగమే కారణమని ఆనాటి వైద్యులలో అనేకుల అభిప్రాయం.

లాండ్‌స్టైనర్ ఆ అభిప్రాయాన్ని అంగీకరించలేదు. ఆరోగ్యవంతుల రక్తాలలోనే పరస్పర భేదం ఉన్నదేమో చూడాలని సంకల్పించారు. ప్రయోగం ఎంత సులభమైనదంటే ఈనాడు ఉన్నత పాఠశాల విద్యార్థి సైతం చేయగలడు. తన రక్తాన్ని, తనతో పనిచేసే ఐదుగురు సహోద్యోగుల రక్తాన్ని తీసుకున్నారు. పేరుకున్న రక్తం మీద తేలే పసుపుపచ్చని తేట ద్రవాన్ని రక్తరసి అంటాం. సీరం అన్నా అదే. ఒక్కొక్కరి రసిని మిగిలిన ఒక్కొక్కరి ఎర్రకణాలతో కలిపి చూశారు. కొన్ని జతలలో రక్తం చక్కగా కలిసిపోయింది. కొన్ని జతలలో పాలు విరిగినట్లు ముద్దముద్దలుగా విడిపోయింది. ఎవరి రసితో వారి కణాలను కలిపితే మాత్రం ఎన్నడూ విరగలేదు. ఆ ఆరుగురిలో రోగులెవరూ లేరు. కాబట్టి రక్తం విరగడం రోగ లక్షణం కాదు, మనిషికీ మనిషికీ పుట్టుకతో ఉన్న తేడా అని తేలిపోయింది.

ఈ సంగతిని 1900లో ఒక వ్యాసం అడుగున చిన్న పాదసూచికగా ప్రస్తావించి, 1901లో పూర్తి వివరాలతో ప్రచురించారు. మనుషులను ఏ, బి, సి అని మూడు గుంపులుగా విభజించారు. సి అన్న దానినే తరువాతి కాలంలో ఓ అన్నారు. మరుసటి సంవత్సరం ఆయన సహచరులైన డెకాస్టెల్లో, స్టుర్లి అనేవారు నాలుగవదైన ఏబి వర్గాన్ని కనుగొన్నారు. కన్నడంలో వీటిని రక్తద గుంపు అంటారు, తెలుగు పాఠ్యపుస్తకాలు రక్త వర్గాలు అంటాయి. నా మట్టుకు నాకు గుంపు అనే మాటే ఎక్కువ ఇంపుగా తోస్తుంది. వర్గం అనగానే మన ఊళ్లలో మరేదో అర్థం స్ఫురిస్తుంది. రక్తం గుంపుకూ కులానికీ మతానికీ ఏ సంబంధమూ లేదు. ఒకే తల్లి కడుపున పుట్టిన అన్నదమ్ములు వేరువేరు గుంపులకు చెందవచ్చు. ముక్కూ మొగమూ ఎరుగని పరాయి వ్యక్తి రక్తం మనకు సరిపోవచ్చు.

ఇంతటి ఆవిష్కరణను లోకం వెంటనే నెత్తిన పెట్టుకోలేదు. 1907లో న్యూయార్క్ వైద్యుడు రూబెన్ ఓటెన్‌బర్గ్ రక్తాలను ముందుగా కలిపి చూసి, సరిపోయిన వారి రక్తాన్నే రోగికి ఎక్కించాడు. ఆ తరువాత మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికుల కోసం రక్తం అవసరం పెరగడంతో ఆ జాగ్రత్త క్రమంగా అన్ని దేశాలకూ పాకింది. ఈలోగా లాండ్‌స్టైనర్ మరొక విభాగంలో ఘనకార్యం సాధించారు. 1908లో పోలియో సోకి మరణించిన ఒక బాలుని వెన్నుపాము నుండి తీసిన పదార్థాన్ని కోతులకు ఎక్కించి వాటికి ఆ వ్యాధి కలిగించి, అది అంటువ్యాధి అని ఎర్విన్ పాపర్‌తో కలిసి నిరూపించారు. పోలియో టీకాకు దారితీసిన మార్గంలో అది తొలి అడుగులలో ఒకటి.

యుద్ధంలో ఆస్ట్రియా ఓడిపోయింది. వియన్నా నగరంలో తిండికీ, చలి కాచుకోవడానికి బొగ్గుకూ కరవు వచ్చింది. పరిశోధనాలయంలో పని సాగే పరిస్థితి లేదు. 1919లో లాండ్‌స్టైనర్ భార్యాబిడ్డలతో హాలండ్ దేశానికి వలస వెళ్లి, హేగ్ నగరంలో ఒక చిన్న ఆసుపత్రిలో ఉద్యోగానికి కుదిరారు. యాభై ఏళ్లు దాటిన మహాపండితుడు అక్కడ రోజూ చేసిన పని రోగుల మూత్రాన్నీ రక్తాన్నీ పరీక్షించడం. పంటలు పండక బెంగళూరుకు తరలిపోయే కుటుంబాలను ఏటా చూసే పావగడ ప్రాంతపు మనకు ఆ వలస బాధ ఎట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు. అయినా తీరిక చిక్కినప్పుడల్లా ఆయన అక్కడా ప్రయోగాలు చేసి వ్యాసాలు ప్రచురించారు.

1922లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ పరిశోధనా సంస్థ నుండి పిలుపు వచ్చింది. అమెరికా చేరిన తరువాత ఆయన మరెక్కడికీ వెళ్లలేదు. శరీరంలోకి చొరబడిన పరాయి పదార్థాన్ని ప్రతిరక్షకాలు ఏ విధంగా గుర్తుపడతాయి అనే విషయం మీద తన జీవితంలో అధిక భాగం వెచ్చించారు. ఫిలిప్ లెవిన్ అనే యువ వైద్యునితో కలిసి 1927లో ఎం, ఎన్, పి అనే మరికొన్ని రక్త భేదాలను కనుగొన్నారు. 1930లో నోబెల్ బహుమతి లభించింది. 1901 నాటి ఆవిష్కరణకు బహుమతి రావడానికి ఇరవై తొమ్మిదేళ్లు పట్టిందన్నమాట.

ఇక్కడ మన తెలుగువాని ప్రస్తావన ఒకటి చేయక తప్పదు. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు కూడా ఆ సంవత్సరాలలోనే అమెరికా వెళ్లారు. ముందు బోస్టన్‌లోని హార్వర్డ్‌లోను, 1940 నుండి న్యూయార్క్‌కు చేరువలో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలోను పనిచేశారు. ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. మన ఆశా కార్యకర్త గర్భిణి చేతిలో పెట్టే ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రలలో సుబ్బారావు కృషి ఉంది. అదే గర్భిణి వేలి నుండి తీసే రక్తపు బొట్టులో లాండ్‌స్టైనర్ కృషి ఉంది. ఇద్దరూ ఒకరినొకరు కలుసుకున్నారో లేదో గాని, వారి శ్రమ మాత్రం మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒకే బల్ల మీద కలుసుకుంటున్నది.

ఇక అసలు విషయానికి వద్దాం. 1937లో న్యూయార్క్‌లో ఇరవై అయిదేళ్ల యువతి రెండవ కాన్పులో మృతశిశువును ప్రసవించింది. రక్తం ఎక్కువగా పోవడంతో భర్త రక్తాన్ని ఆమెకు ఎక్కించారు. భార్యాభర్తలిద్దరిదీ ఓ గుంపే. లాండ్‌స్టైనర్ 1901లో చెప్పిన లెక్క ప్రకారం ఏ ప్రమాదమూ రాకూడదు. కాని ఆమెకు తీవ్రమైన వణుకు, నొప్పులు వచ్చి ప్రాణం మీదికి వచ్చింది. ఆమె రసిని ఫిలిప్ లెవిన్ పరీక్షించాడు. గుంపు సరిపోయిన 104 మంది రక్తాలతో కలిపి చూడగా 80 మంది రక్తం విరిగిపోయింది. అంటే ఏ, బి, ఓ అనే గుంపులతో సంబంధం లేని మరొక పదార్థమేదో చాలా మంది రక్తంలో ఉన్నది, ఆమె రక్తంలో లేదు. తండ్రి నుండి ఆ పదార్థం కడుపులోని బిడ్డకు వచ్చి ఉంటుందని, బిడ్డ రక్తం తల్లి రక్తంలో కలిసినందువలననే ఆమె శరీరం దానికి విరుద్ధంగా ప్రతిరక్షకాలను తయారుచేసుకున్నదని లెవిన్ ఊహించాడు. 1939లో ఆ వివరాలను ప్రచురించాడు గాని ఆ పదార్థానికి పేరు పెట్టలేదు. నామకరణం చేయని పాపానికి తరువాత చాలా ఏళ్లపాటు వివాదంలో చిక్కుకోవలసి వచ్చింది.

అదే కాలంలో, పదవీ విరమణ చేసిన తరువాత కూడా పరిశోధనాలయానికి వస్తూ ఉన్న లాండ్‌స్టైనర్, అలెగ్జాండర్ వీనర్‌తో కలిసి వేరొక దారిలో అక్కడికే చేరారు. రీసస్ జాతి కోతి ఎర్రకణాలను కుందేళ్లకు ఎక్కించారు. ఈ రీసస్ కోతి మన ఉత్తర భారతంలో గుళ్ల దగ్గర, రైల్వే స్టేషన్లలో తిరిగే ఎర్రమొగం కోతే. కుందేలు శరీరంలో తయారైన ప్రతిరక్షకాలతో కూడిన రసిని మనుషుల రక్తంతో కలిపి చూస్తే, నూటికి సుమారు 85 మంది రక్తం విరిగింది. మిగిలిన వారి రక్తానికి ఏమీ కాలేదు. విరిగిన రక్తం గలవారు పాజిటివ్, విరగనివారు నెగటివ్. రీసస్ అనే మాటలోని మొదటి రెండు ఇంగ్లీషు అక్షరాలను తీసుకొని దానికి ఆర్‌హెచ్ కారకం అని పేరు పెట్టారు. 1940లో ఇది వెలుగులోకి వచ్చింది.

నూటికి 85 అన్న లెక్క తెల్లజాతి వారి విషయంలో. మన దేశంలో నెగటివ్ రక్తం గలవారు మరింత తక్కువ, స్థూలంగా నూటికి ఐదుగురు. రక్త పరీక్ష చేసే చోట గాజు పలక మీద మూడు బొట్లు వేయడం పాఠకులు చూసే ఉంటారు. నీలిరంగు మందు కలిపే మొదటి బొట్టు ఏ కోసం, పసుపు రంగు మందు కలిపే రెండవది బి కోసం, రంగు లేని మందు కలిపే మూడవది ఆర్‌హెచ్ కోసం. ఆ మూడవ బొట్టు విరగకుండా అలాగే ఉండిపోతే ఆ వ్యక్తి నెగటివ్.

నెగటివ్ అంటే లోపమని, రక్తంలో చెడు ఉందని మన పల్లెలలో చాలా మంది భావిస్తున్నారు. ఇది పూర్తిగా పొరపాటు. ఎర్రకణం మీద డి అనే ఒక పదార్థం లేదని మాత్రమే దాని అర్థం. నెగటివ్ వ్యక్తి అందరిలాగే పొలం దున్నగలడు, చదువుకోగలడు, నూరేళ్లు బ్రతకగలడు. చిక్కు వచ్చేది రెండు సందర్భాలలోనే. ఒకటి, వారికి పాజిటివ్ రక్తం ఎక్కించినప్పుడు. రెండవది, నెగటివ్ స్త్రీ కడుపులో పాజిటివ్ బిడ్డ పెరిగినప్పుడు.

తల్లి నెగటివ్, తండ్రి పాజిటివ్ అయితే బిడ్డ పాజిటివ్ కావచ్చు. కడుపులో ఉన్నంత కాలం తల్లి రక్తానికీ బిడ్డ రక్తానికీ నడుమ మాయ ఒక గోడలా ఉంటుంది. పురుటి సమయంలో మాయ విడిపోయేటప్పుడు బిడ్డ రక్తం కొంత తల్లి రక్తంలో కలుస్తుంది. తల్లి శరీరం ఆ కణాలను పరాయివిగా భావించి వాటిని నాశనం చేసే ప్రతిరక్షకాలను తయారుచేసుకుంటుంది. ఈ పని నెమ్మదిగా సాగుతుంది కనుక మొదటి బిడ్డకు సాధారణంగా ఏ ముప్పూ ఉండదు. ఆ ప్రతిరక్షకాలు మాత్రం తల్లి ఒంట్లో నిలిచిపోతాయి. రెండవసారి కడుపులో పాజిటివ్ బిడ్డ పడితే అవి మాయను దాటి వెళ్లి బిడ్డ ఎర్రకణాలను పగలగొడతాయి. బిడ్డకు రక్తం తగ్గిపోతుంది, ఒళ్లు నీరుపడుతుంది, కడుపులోనే మరణించవచ్చు. పుట్టినా కొద్ది గంటలలోనే తీవ్రమైన కామెర్లు కనిపించి, చికిత్స అందకపోతే మెదడు దెబ్బతినవచ్చు. గర్భస్రావం జరిగినప్పుడు కూడా రక్తం కలిసే అవకాశం ఉంది కాబట్టి, మొదటి గర్భం నిలవని స్త్రీకి మరుసటి బిడ్డ నుండే ప్రమాదం మొదలు కావచ్చు.

1609లోనే లూయీ బూర్జువా అనే ఫ్రెంచి మంత్రసాని ఇటువంటి కవల శిశువులను వర్ణించింది. ఒక బిడ్డ నీరుపట్టి పుట్టిన వెంటనే, మరొకటి కామెర్లతో కొద్ది రోజులకు మరణించాయి. అంతటి ప్రాచీన వ్యాధికి మూడు వందల ముప్పై ఏళ్ల పాటు కారణం తెలియలేదు. కారణం తెలియని చోట నింద పుడుతుంది. తొలి బిడ్డ నిక్షేపంగా ఉండి, ఆ తరువాత పుట్టినవారు వరుసగా పోతూ ఉంటే మన పెద్దలు దిష్టి అన్నారు, గ్రహదోషం అన్నారు, కోడలి కాలు మంచిది కాదన్నారు. మగనికి మారుమనువు చేయడానికి కూడా వెనుదీయలేదు. శాస్త్రం చెప్పేది వేరు. ఇద్దరూ నెగటివ్ అయితే ఈ చిక్కే రాదు. భర్త పాజిటివ్ కావడం వలననే వస్తుంది. మగనిలో తప్పున్నదని దీని అర్థం కాదు, ఇద్దరిలోనూ తప్పు లేదని అర్థం.

మేనరికం వలన నెగటివ్ రక్తం వస్తుందా అని కొందరు అడుగుతుంటారు. నెగటివ్ లక్షణం తల్లి నుండి, తండ్రి నుండి రెండు వైపులా వస్తేనే బయటపడుతుంది. మేనమామ కూతురిని చేసుకున్నంత మాత్రాన కొత్తగా పుట్టుకురాదు. మేనరికపు సంబంధాలలో ఇతర వ్యాధుల భయం ఉన్న మాట నిజమే. 1952లో బొంబాయిలో డాక్టర్ భేండే, ఆయన సహచరులు కనుగొన్న బాంబే రక్త వర్గం కూడా రెండు వైపులా వచ్చినప్పుడే బయటపడే లక్షణం. పైకి ఓ గుంపులా కనిపించే ఆ అరుదైన రక్తానికి ఓ రక్తం కూడా సరిపడదు. కాని నెగటివ్ రక్తాన్ని ఆ జాబితాలో చేర్చి పెళ్లి సంబంధాలు తప్పించుకోవడం తగదు.

మళ్లీ లాండ్‌స్టైనర్ వద్దకు వెళదాం. 1941లో లెవిన్, ఆయన సహచరులు శిశువుల ఈ వ్యాధికి ఆర్‌హెచ్ భేదమే కారణమని నిర్ధారించారు. ఆ నిర్ధారణను చూసే భాగ్యం లాండ్‌స్టైనర్‌కు కలిగింది. కాని ఇంట్లో పరిస్థితి బాగాలేదు. భార్య హెలీన్ థైరాయిడ్ క్యాన్సర్‌తో బాధపడుతూ ఉండేవారు. వృద్ధాప్యంలో ఆయన ఆ వ్యాధి మీద కూడా ప్రయోగాలు మొదలుపెట్టారు. ప్రతిరక్షకాలపై తాను వ్రాసిన గ్రంథాన్ని సవరిస్తూనే ఉన్నారు. 1943 జూన్ 24న ప్రయోగశాలలో గాజు గొట్టం చేతిలో ఉండగానే గుండెపోటు వచ్చి కూలిపోయారు. 26న తాను పనిచేసిన సంస్థకు చెందిన ఆసుపత్రిలోనే తుదిశ్వాస విడిచారు. హెలీన్ కూడా అదే సంవత్సరం మరణించారు. సవరించిన గ్రంథం 1945లో వెలువడింది. జన్మదేశం ఆస్ట్రియా 1997లో వెయ్యి షిల్లింగుల నోటు మీద ఆయన బొమ్మను ముద్రించింది. యూరో నాణెం వచ్చిన తరువాత, 2002లో ఆ నోటు చెలామణి నుండి తొలగిపోయింది.

ఒక చిత్రమైన సంగతి ఆయన మరణానంతరం బయటపడింది. కోతి రక్తం వలన కుందేలులో తయారైన ప్రతిరక్షకం, ఆ న్యూయార్క్ తల్లి రక్తంలో ఉన్న ప్రతిరక్షకం ఒకటి కావని తరువాతి పరిశోధకులు తేల్చారు. రెండూ పొరుగిళ్ల వంటి రెండు పదార్థాల మీద పనిచేస్తాయి. అప్పటికే ఆర్‌హెచ్ అనే పేరు లోకమంతా స్థిరపడిపోయినందున దానిని మార్చలేదు. కోతి రసి గుర్తించిన పదార్థానికి లాండ్‌స్టైనర్, వీనర్‌ల పేర్లలోని మొదటి అక్షరాలతో ఎల్‌డబ్ల్యు అని పేరు పెట్టారు.

ఆయన వేసిన బాటలో నడిచినవారు చికిత్సను కూడా కనుగొన్నారు. 1945లో ఇంగ్లండులో కూంబ్స్, ఆయన సహచరులు తల్లి రక్తంలో ప్రతిరక్షకాలు పుట్టాయో లేదో కనిపెట్టే పరీక్షను రూపొందించారు. ఇప్పటికీ ఆసుపత్రి చీటీ మీద ఐసిటి అని వ్రాసేది ఆ పరీక్షనే. 1960లలో లివర్‌పూల్‌లో సిరిల్ క్లార్క్, రోనాల్డ్ ఫిన్, న్యూయార్క్‌లో ఫ్రెడా, గార్మన్, పొలాక్ ఒకే ఉపాయాన్ని ఆలోచించారు. తల్లి శరీరం స్వయంగా ప్రతిరక్షకాలు తయారుచేసుకోక ముందే, బయటినుండి కొద్దిగా అదే ప్రతిరక్షకాన్ని ఇంజెక్షన్‌గా ఇస్తే, కలిసిన బిడ్డ కణాలను అది తుడిచివేస్తుంది. తల్లి ఒంటికి వాటిని గుర్తుపెట్టుకునే అవకాశమే ఉండదు. గార్మన్ 1964లో లండన్‌లో ఉన్న తన సోదరుని భార్యకే ఆ మందును న్యూయార్క్ నుండి పంపించాడు. 1968 నుండి అది అందరికీ అందుబాటులోకి వచ్చింది. దానినే యాంటీ-డి ఇంజెక్షన్ అంటున్నాం. ఈ మందు రసాయనాలు కలిపి చేసేది కాదు, ప్రధానంగా దాతల రక్తం నుండి తీసేది. ఆస్ట్రేలియాకు చెందిన జేమ్స్ హారిసన్ 1954 నుండి 2018 వరకు 1,173 సార్లు దానం చేశాడు. 2025లో ఆయన కన్నుమూసినప్పుడు ప్రపంచ పత్రికలన్నీ ఆయనను స్మరించాయి.

ఇక మన ముంగిటి మాట. పావగడ తాలూకా కర్ణాటకలో ఉన్నా మూడు వైపులా ఆంధ్ర నేలే. మడకశిర, రొద్దం, హిందూపురం, కళ్యాణదుర్గం వైపు మన ఆడపిల్లలను ఇస్తాం, అక్కడి పిల్లలను తెచ్చుకుంటాం. తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మన ఆచారం. తరువాతి కాన్పు తరచుగా మెట్టినింటి వద్ద జరుగుతుంది. పుట్టింటి ఊరి ఆసుపత్రిలో వ్రాసిన కార్డు కన్నడంలో ఉంటుంది, మెట్టినింటి ఊరిలో వ్రాసేది తెలుగులో ఉంటుంది; లేదా దీనికి తారుమారుగా ఉంటుంది. మొదటి కార్డు పుట్టింటి పెట్టెలోనే ఉండిపోతుంది. రెండవ ఊరి నర్సు కొత్త కార్డు వ్రాస్తుంది. మొదటి పురుటిలో యాంటీ-డి ఇచ్చారా లేదా, మధ్యలో గర్భం పోయినప్పుడు ఇచ్చారా లేదా అనే సంగతి ఆ కొత్త కార్డులో కనిపించదు. ఆర్‌హెచ్ వ్యాధి దెబ్బతీసేది సరిగ్గా ఈ రెండవ కాన్పునే అని పైన చూశాం. అందుచేత నెగటివ్ తల్లి పుట్టింటి నుండి మెట్టినింటికి బయలుదేరేటప్పుడు చీరె సారెలతో పాటు ఆ పాత కార్డునూ, డిశ్చార్జి చీటీనీ సంచిలో పెట్టి పంపాలి. అక్షరాలు చదవలేకపోయినా అందులోని తేదీలనూ, ఇంజెక్షన్ పేరునూ ఏ రాష్ట్రపు వైద్యుడైనా గ్రహించగలడు.

గర్భం నిలిచిన మొదటి నెలలలోనే రక్తం గుంపు చూపించుకోవాలి. తల్లి నెగటివ్ అని తేలితే భర్త రక్తం కూడా చూస్తారు. భర్త నెగటివ్ అయితే ఇంజెక్షన్ అక్కరలేదు. పాజిటివ్ అయితే తల్లికి ఐసిటి పరీక్ష చేస్తారు. ప్రతిరక్షకాలు ఇంకా పుట్టలేదని తేలితే ఏడవ నెల ప్రాంతంలో, అనగా 28 వారాలకు, ఒకసారి యాంటీ-డి ఇస్తారు. పుట్టిన వెంటనే బిడ్డ బొడ్డుతాడు రక్తాన్ని పరీక్షించి, బిడ్డ పాజిటివ్ అయితే 72 గంటల లోపల తల్లికి మరొకసారి ఇస్తారు. గర్భస్రావమైనా, గర్భం పక్కదారిన గొట్టంలో పడినా కూడా అడిగి వేయించుకోవాలి. ప్రతిరక్షకాలు ఒకసారి పుట్టిన తరువాత ఈ ఇంజెక్షన్ పనిచేయదు. అప్పుడు తుమకూరు, అనంతపురం, బెంగళూరు వంటి చోట్ల ఉన్న పెద్ద ఆసుపత్రుల పర్యవేక్షణలో కడుపులోని బిడ్డను తరచుగా చూపించుకుంటూ ఉండాలి. పుట్టిన బిడ్డకు కామెర్లు వస్తే నీలికాంతి కింద ఉంచడం, అవసరమైతే రక్తం మార్చడం వంటి చికిత్సలున్నాయి. ఇక పురుడు అర్ధరాత్రి జరిగి, ఆదివారమో పండుగో అడ్డువచ్చి, ఆ 72 గంటలు దాటిపోయినా సరే, ఇక లాభం లేదని ఊరుకోరాదు. పది రోజుల లోపల వేయించినా కొంత రక్షణ దొరకవచ్చని వైద్యులు ఇంజెక్షన్ ఇస్తారు.